పెంటలో బడి ఎవరిది?

ఫస్ట్ ఇయర్‌లో ఒకసారి హాస్టల్‌లో మాటల మధ్య "మా బాబాయికి పెంటల్లో మంచి పరిచయాలు ఉన్నాయి" అన్నాను. రూమ్ అంతా పకపకా నవ్వింది. వాళ్ల తప్పేం లేదు. కోస్తా నుంచి వచ్చిన దోస్తులకు పెంట అంటే పెంటకుప్పే. మా దిక్కు, అంటే అచ్చంపేట దాటి మన్ననూర్ వైపు పోతే, పెంట అంటే మనుషులు ఉండే జాగ. నల్లమల అడవిలో చెంచుల ఆవాసాలను పెంటలనే అంటారు. అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల్... ఇవన్నీ పెంటలే. కొన్నింట్లో పది, పదిహేను ఇళ్లకు మించి ఉండవు.

ఆ ఇళ్లల్లోని ఆరేళ్ల లోపు పిల్లల గురించి ఈ వ్యాసం. మన సాహిత్య క్లబ్ పత్రికలో ఇదెందుకు అని అనుకోవద్దు. చివరిదాకా చదివితే మనకు ఇందులో ఏం పని ఉందో తెలుస్తుంది.

ఎర్ర గడిలో ఉన్న పాప

పోయినేడు మా నలుగురి టీమ్ ఒక హ్యాకథాన్ కోసం "స్మార్ట్ అంగన్‌వాడీ" అని ఒక యాప్ చేసింది. పిల్లల హాజరు, ఎత్తు, బరువు, గుడ్ల లెక్క అన్నీ ఒక్క డ్యాష్‌బోర్డ్ మీద. రంగురంగుల గ్రాఫులు. రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ ఫోటో స్టేటస్‌లో పెట్టుకుని తిరిగాం.

ఎండాకాలం సెలవులకు మన్ననూర్ పోయినప్పుడు, బాబాయి కిరాణా కొట్టు ముందు అరుగు మీద కూర్చుని ఆ యాప్ ఆయనకు చూపిస్తున్నాను. అప్పుడే ఒక చెంచు అక్క బియ్యం, ఉప్పు, నూనె కొనడానికి వచ్చింది. చంకలో రెండేళ్ల పాప. ఊరికే ఉండక అడిగాను.

"పాపను అంగన్‌వాడీకి పంపవా అక్కా?"

"ఉన్నది తమ్మీ, లేదంటలేను. మేం కోడి కూయంగనే అడివికి వోతం. ఆడ తలుపు తీసేసరికి పొద్దు నెత్తి మీదికొస్తది. టీచరమ్మ వేరే ఊరికెల్లి రావాలె. బండి దొరికిననాడు వస్తది, దొరకనినాడు లేదు. గంత చిన్న పిల్లను వాళ్లు గూడ ఎట్ల సూస్తరు? అందుకే ఎంట తీసుకపోత. చెట్టు కింద గుడ్డ పరిచి పండవెడ్త. పురుగు బూశి భయముంటది గని, ఏం జెయ్యాలె?"

ఆమె సామాన్లు తీసుకుని పోయింది. ఆమెది ఏ పెంటో ఇక్కడ రాయను, ఆ టీచరమ్మ మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. అడవి దారిలో రోజూ వచ్చిపోవడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా యాప్‌లో ఆ పాప ఎక్కడ ఉంటుంది? "ఆబ్సెంట్" అని రాసిన ఎర్ర గడిలో. ఎందుకు రాలేదో రాసుకునే గడి మేం పెట్టనే లేదు. పెట్టాలని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

నా వాదన ఆ ఎర్ర గడి నుంచే మొదలవుతుంది. పెంటలో పిల్లల బడి, తలలు లెక్కపెట్టి ఇచ్చే బడి కాకూడదు. అక్కడి తల్లుల రోజును చూసి, అక్కడి ఆడవాళ్ల చేతుల్లో పెట్టి, జీతం ఇచ్చి నడిపించే బడి కావాలి.

అంగన్‌వాడీ పుట్టింది వాకిట్లో

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. అంగన్‌వాడీ అనే ఆలోచన పుట్టిందే ఇలా. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిర్ పెట్టాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ తర్వాత మహారాష్ట్రలోని బోర్డీ అనే పల్లెకు వెళ్లి 1945లో చిన్నపిల్లల బడి తెరిచింది. బడి బాగుంది. కానీ ఊరి చివర దళితవాడ పిల్లలు, గిరిజన పిల్లలు రాలేదు. తల్లిదండ్రులు పనికి పోతే చంటిదాన్ని చూసుకునేది ఆ పెద్ద పిల్లలే మరి.

ఇక్కడ ఆమె చేసిన పని చూడండి. "వీళ్లకు చదువు విలువ తెలియదు" అని రిపోర్ట్ రాసి ఊరుకోలేదు. బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయింది. ఆంగన్ అంటే వాకిలి, వాడీ అంటే తోట. వాకిట్లో పిల్లల తోట. తర్వాత 1957లో ఆ సంస్థ కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడ వార్లీ గిరిజనుల పిల్లలు పశువులు కాయడానికి పోతున్నారని గమనించి, తారాబాయి, అనుతాయి వాఘ్ కలిసి పచ్చిక బయలులోనే బడి నడిపారు. పశువులు మేస్తుంటే పిల్లలు పక్కనే నేర్చుకునేవాళ్లు.

మనం సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టులో చదువుకునే మొదటి పాఠం ఏంటి? కోడ్ రాసే ముందు వాడేవాళ్ల అవసరం తెలుసుకో అని. తారాబాయి అదే చేసింది. ఆ పాఠం చదివి పరీక్ష రాసిన మేమేమో చేయలేదు.

1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ పథకాన్ని 33 బ్లాకుల్లో మొదలుపెట్టింది. ఇవాళ తెలంగాణలోనే 35,700 అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. టీకాలు, అన్నం, గుడ్డు, పాలు, ఆట, పాట అన్నీ ఒకే చోట దొరికే ఇంత పెద్ద వ్యవస్థ మామూలు విషయం కాదు. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. మా ఊళ్లో మా అక్కకు అదెంత ఆసరా అయ్యిందో నేను కళ్లారా చూశాను. కాబట్టి అంగన్‌వాడీలు దండగ అనే మాట నా నోట రాదు. పెద్దదయ్యే క్రమంలో పేరులోని వాకిలి మాత్రం పోయింది. అన్ని ఊళ్లకూ ఒకే కొలత కుట్టు అయింది.

లెక్కలో పడని ఇళ్లు

ఆ కొలత ఏంటో చూద్దాం. మామూలు ఊళ్లలో 400 నుంచి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ. గిరిజన ప్రాంతాల్లో 300 నుంచే ఇస్తారు. 150 నుంచి 300 దాకా ఉంటే మినీ కేంద్రం. సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇంకో మెట్టు ఎక్కి, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ ఆవాసమైనా అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని ఆదేశించింది. చాలా గొప్ప తీర్పు. కానీ పదిహేను ఇళ్ల పెంటలో ఎంతమంది ఉంటారు? అరవై, డెబ్బై మంది. ఆరేళ్ల లోపు పిల్లలు ఒక పది మంది. జనాభా లెక్కలో పడరు, నలభై మంది లెక్కలోనూ పడరు. పక్క పెంట పిల్లలను కలిపి లెక్క చూపిస్తే కాగితం మీద సరిపోతుంది. నడుమ పులులు తిరిగే అడవి ఉంటుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అని బోర్డు పెట్టింది ఊరికే కాదు కదా. మూడేళ్ల పిల్ల పక్క పెంటలోని బడికి నడిచి పోలేదు.

2023 నవంబర్‌లో పీఎం జన్‌మన్ పథకం వచ్చింది. దేశంలోని 75 ఆదిమ తెగల కోసం. చెంచులు అందులో ఉన్నారు. ఆ పథకంలో 2,500 అంగన్‌వాడీ కేంద్రాలు కడతామని పెట్టారు. మంచి అడుగే.

"రిజర్వ్ ఫారెస్ట్‌లో బిల్డింగ్ ఎట్ల కడతరు, పర్మిషన్ రాదు" అని మన్ననూర్‌లో చాలామంది అంటుంటే విన్నాను. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదివితే వేరే మాట ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ లాంటి 13 రకాల సౌకర్యాలకు గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, అంతే. పది మంది పిల్లల బడికి హెక్టారు ఎందుకు? చెట్లు కొట్టే పనే లేదు. మంచి నీడ, గట్టి కప్పు, నీళ్లు, పాము రాకుండా ఎత్తు అరుగు ఉంటే చాలు.

తల్లి రోజు ఎట్లుంటది?

బిల్డింగ్ వచ్చినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. తలుపు ఎప్పుడు తీస్తారు, ఎవరు తీస్తారు?

చెంచు తల్లి రోజు ఆఫీసు టైమింగ్‌తో నడవదు. తేనె, బంక, ఇప్పపువ్వు, మొర్రి పలుకులు, ఉసిరి, గడ్డలు... ఒక్కోదానికి ఒక్కో కాలం. సీజన్‌లో తెల్లారక ముందే పోవాలి, కొన్నిసార్లు రెండు మూడు రోజులు అడవిలోనే ఉండాలి. ఉపాధి పని ఉన్ననాడు ఇంకో లెక్క. కాబట్టి బడి కూడా సీజన్‌ను బట్టి తెల్లవారుజామున తెరవాలి, తల్లి తిరిగొచ్చేదాకా ఉండాలి.

రెండోది, మూడేళ్ల లోపు పిల్లలు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు కేంద్రంలో వేడి అన్నం పెడతారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉన్నవాళ్లకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, గుడ్లు ఇంటికి ఇస్తారు. ప్యాకెట్ ఇంటికి వస్తుంది సరే. అమ్మ అడవిలో ఉంటే దాన్ని కలిపి తినిపించేదెవరు? ఆ వయసు పిల్లకు పొట్ట చిన్నది, రెండు మూడు గంటలకోసారి పెట్టాలి. పోషకాహార లోపం ఎక్కువగా మొదలయ్యేది సరిగ్గా ఈ వయసులోనే. అంటే అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న వయసుకే చూసుకునే మనిషి లేదు.

ఇది తీరని చిక్కు కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీ కేంద్రంగా పనిచేసే జన్ స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు అడవి పల్లెల్లో "ఫుల్‌వారీ"లు పెట్టారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు. చూసుకునేది అదే ఊరి ఆడవాళ్లు. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఆ పేరుతో పథకం తెచ్చింది. తల్లులు వంతులవారీగా పిల్లలను చూసుకుంటారు, మిగతావాళ్లు పనికి పోతారు. మన దగ్గర కూడా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కూలికి పోయే దళిత తల్లుల పిల్లల కోసం బాల్వాడీలు నడిపాయి. పిల్లలకు పెట్టింది ఆ నేలలో పండిన జొన్నలు, కొర్రలే. రెండు చోట్లా నడిపే మనిషి ఎక్కడి నుంచో బస్సు ఎక్కి రాదు. ఆమె ఇల్లు అక్కడే.

ఇంటర్ పాసైతేనే పిల్లను ఎత్తుకోవాలా?

ఇక్కడే అసలు అడ్డం. 2022లో వచ్చిన సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాల ప్రకారం టీచర్‌కు ఇంటర్ పాసై ఉండాలి. పట్నంలో కూర్చుని చూస్తే సబబుగానే ఉంటుంది. పిల్లలకు చదువుకున్న టీచర్ కావాలని ఎవరికి ఉండదు? కానీ పదిహేను ఇళ్ల పెంటలో ఇంటర్ పాసైన ఆడపిల్ల ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్నా ఆమె ఆశ్రమ పాఠశాల, కాలేజీ చదివి బయటే ఉద్యోగం చూసుకుంటుంది. అప్పుడు టీచర్ మైదానం ఊరి నుంచి వస్తుంది. వర్షం పడితే రాదు, బండి లేకపోతే రాదు. ఇంటర్ సర్టిఫికెట్ ఫైల్లో ఉంటుంది, తలుపుకు తాళం ఉంటుంది.

నాణ్యత తగ్గించమని నేను అనట్లేదు. పని రెండుగా విడగొట్టమంటున్నాను. రోజూ పిల్లలను చూసుకుని, తినిపించి, ఆడించే మనిషి ఆ పెంట ఆడమనిషే ఉండాలి. చదువు ఎంతైనా సరే, పెంట వాళ్లే ఎన్నుకోవాలి, శిక్షణ మాత్రం తప్పకుండా ఇవ్వాలి. నాలుగైదు పెంటలకు కలిపి ఒక చదువుకున్న టీచర్, ఒక నర్సు వారం వారం వచ్చి బరువు చూసి, టీకాలు చూసి, కొత్త ఆటలు నేర్పి పోవాలి. బయటి జ్ఞానం అక్కర్లేదని కాదు. ఉదాహరణకు చెంచుల ఇళ్లల్లో తేనెకు కొదవ లేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దని డాక్టర్లు చెప్తారు, దానివల్ల ప్రాణం మీదికి వచ్చే జబ్బు రావొచ్చు. ఈ మాట పెంటకు చేరాలి. పెంట మనిషి నోటి నుంచి చేరితే ఇంకా మంచిది, తల్లులు వింటారు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, అది నాకే తట్టింది. "సముదాయమే నడుపుకుంటుంది" అని అందంగా చెప్పి సర్కారు చేతులు దులుపుకుంటే? పేద ఆడవాళ్లతో ఉచితంగా చాకిరీ చేయించినట్టే కదా? ఈ భయం ఉత్తిది కాదు. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు ఈనాటికీ ఇచ్చేది గౌరవ వేతనమే, జీతం కాదు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. తెలంగాణలో 2023 సెప్టెంబర్‌లో వాళ్లు సమ్మెకు దిగారు. అందుకే నా మాటలో "జీతం ఇచ్చి" అనేది తీసేయడానికి వీల్లేని భాగం. బియ్యం, గుడ్లు, మందులు, జీతం సర్కారువి. వేళలు, మనిషి ఎంపిక, నడక పెంటవి. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా మిగిలేది మోసమే.

ఆపిల్ తెలియని పిల్లలు

చెంచులు మాట్లాడేది తెలుగే. అందుకే భాష సమస్య లేదని అందరూ అనుకుంటారు. కానీ గోడ మీది చార్ట్‌లో ఆపిల్, రైలు, ఫ్రిజ్ బొమ్మలుంటాయి. నాలుగేళ్ల చెంచు పిల్లకు మొర్రి చెట్టు, తునికి చెట్టు ఆకు పట్టుకుని చెప్పగలిగే తెలివి ఉంటుంది. తడి మట్టిలో అడుగు చూసి ఎలుగుబంటిదో, దుప్పిదో చెప్పే పెద్దవాళ్ల మధ్య పెరుగుతుంది. అలాంటి పిల్ల బడిలోకి వచ్చేసరికి ఏమీ తెలియనిది అయిపోతుంది. పుట్టిన చోటి తెలివి మీదనే అక్షరం కూర్చుంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతులు ఇంటి భాషలో ఉండాలనే అంటున్నది. పెంట అవ్వ చెప్పే కథ, చూపించే ఆకు బడిలోకి రావాలంటే ఆ అవ్వ బడిలోకి రావాలి.

మనం ఏం చేయగలం?

ఇప్పుడు మన సంగతి. 2021 నుంచి అంగన్‌వాడీల లెక్కలన్నీ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి అన్నారు. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి అడవిలోకి పోతే చాలా చోట్ల ఫోన్ ఉత్త టార్చిలైటే. ఈ యాప్‌లు రాసేది ఎవరు? మనలాంటి వాళ్లే. రేపు మనలో ఎవరో ఒకరు అలాంటి కంపెనీలో, అలాంటి టీమ్‌లో ఉంటారు. ఆ రోజు సిగ్నల్ లేని చోట కూడా పనిచేసేలా రాయండి. మొహం గుర్తుపట్టకపోయినా పిల్ల గుడ్డు ఆగకుండా చూడండి. "ఎందుకు రాలేదు" అనే గడి పెట్టండి. మా యాప్‌లో ఆ గడి ఇప్పుడు పెట్టాం. బహుమతి వచ్చాక పెట్టామనుకోండి, అది వేరే సంగతి.

క్లబ్ తరఫున ఇంకో పని చేయొచ్చు. మనకు రాయడం వచ్చు, బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు. వచ్చే సెలవుల్లో ఐదారుగురం మన్ననూర్ పోదాం. ఐటీడీఏ వాళ్లను, అటవీ శాఖ వాళ్లను అడిగి, పెంట పెద్దలు ఒప్పుకుంటేనే పోదాం. అక్కడి అవ్వలు చెప్పే కథలు, చెట్ల పేర్లు, పిల్లల ఆటలు వాళ్ల మాటల్లోనే రాసుకుని, పదహారు పేజీల బొమ్మల పుస్తకాలు చేసి, మొదటి కాపీ వాళ్లకే ఇద్దాం. పుస్తకం మీద మన పేర్లకంటే పైన వాళ్ల పేర్లు ఉండాలి, వాళ్లు సరేనంటే. ఉండటానికి, తిండికి మా బాబాయి ఇల్లు ఉంది.

ఆ అక్క మళ్లీ కొట్టుకు వచ్చిందా అని బాబాయికి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంటాను. "వస్తున్నది, పిల్ల ఇప్పుడు నడుస్తున్నది" అన్నాడు మొన్న. నడిచే పిల్లను చెట్టు కింద పండబెట్టి పోవడం ఇంకా కష్టం. వచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి.